అయ్యగారి ఆకుపచ్చ కారు

మణికట్టు విరగ్గొట్టుకున్న ఒక కాంట్రాక్టరు వల్ల ఆ కారు ఇంకా ఉందని అమ్మలుకి తెలిసింది.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే కిటికీ లేని గది, అదే బరువైన సీసపు ఆప్రాన్, రోజుకు నూరుసార్లు అదే మాట: "ఊపిరి బిగపట్టండి. కదలొద్దు. ఆఁ, ఇక వదిలెయ్యండి." నాన్న ముద్దుగా పిలిచే పేరే నర్సుల నోటా డాక్టర్ల నోటా పడి, అసలు పేరు హాజరు పుస్తకంలో మిగిలిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడగాల్సిన వాళ్లంతా అడిగి అడిగి అలిసిపోయారు. తల్లి పోయినప్పటి నుంచి ఇంట్లో ఆమే, తండ్రే.

ఆ కాంట్రాక్టరు నొప్పి మరిచిపోవడానికి వాగుతూనే ఉన్నాడు. "పాత బంగళా ఒకటి పడగొట్టిస్తున్నానమ్మా. షెడ్డు రేకు జారి చేతి మీద పడింది. లోపల చూద్దును కదా, ఓ పాత కారు. రెండే సీట్లు, పైన టాపు కూడా లేదు. కోళ్లు గుడ్లు పెడుతున్నాయి అందులో. ఎల్లుండి ఇనుప సామాన్లవాడొచ్చి పట్టుకుపోతాడు."

"ఏ బంగళా?" అంది అమ్మలు, ప్లేటు సర్దుతూనే.

ఆయన వీధి గుర్తులు చెప్పాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"కారు ఏ రంగు?"

"రంగేముందమ్మా, అంతా తుప్పు. గోటితో గీరితే ఆకుపచ్చ కనబడుతుందేమో."

ఆ బంగళాలో ఆమె తండ్రి ముప్పై ఏళ్లు డ్రైవరుగా పనిచేశాడు. అక్కడ రెండు కార్లుండేవి. ఇంటిల్లిపాదీ ఎక్కే పెద్ద కారు తండ్రి నడిపేవాడు. చిన్నది, ఆ ఆకుపచ్చ రెండు సీట్లది మాత్రం అయ్యగారిదే. ఆదివారం పొద్దున్నే టోపీ పెట్టుకుని ఆయనే నడుపుకుంటూ వెళ్లేవాడు. "పెద్దది తోలు, చిన్నది తుడువు," అన్నది ఆయన మొదటి రోజే పెట్టిన కట్టుబాటు. తండ్రి తుడిచేవాడు. చక్రాల కమ్మీలు ఒక్కొక్కటీ గుడ్డ పీలికతో తోమేవాడు. ఇంటికొచ్చాక అన్నం తింటూ దాని గురించే చెప్పేవాడు. "మూడో గేరులో దాని గొంతు వినాలే అమ్మలూ! పెద్దపులి ఆవలించినట్టు ఉంటుంది." నువ్వెప్పుడైనా నడిపావా నాన్నా అని అడిగితే, ఇంకో ముద్ద కలుపుకునేవాడు.

ఎనిమిదేళ్లప్పుడు, బడి లేని ఒక రోజు, ఆమె తండ్రికి క్యారేజీ పట్టుకుని వెళ్లింది. షెడ్డులో ఆయన ఒక్కడే ఉన్నాడు. కారు అద్దంలా మెరుస్తోంది. "నువ్వోసారి కూర్చో నాన్నా, నేను చూస్తాను," అని గునిసింది. తండ్రి అటూ ఇటూ చూశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తలుపు తీసి, గుడిమెట్టు ఎక్కినంత జాగ్రత్తగా లోపల కూర్చున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ వేసి కూతురి వంక చూసి నవ్వాడు. అలాంటి నవ్వు ఆ ముఖాన ఆమె అంతకు ముందు చూడలేదు.

అప్పుడే అయ్యగారు వచ్చాడు. అరవలేదు. "దిగరా," అన్నాడు, అంతే. దిగాక, "సీటు తుడువు," అన్నాడు. తండ్రి గుడ్డ తీసుకుని తాను కూర్చున్న చోటంతా తుడిచాడు. "ఇంకోసారి," అన్నాడాయన. మళ్లీ తుడిచాడు. క్యారేజీ పట్టుకుని అమ్మలు అంతా చూసింది. ఇంటికి వెళ్లే దారిలో తండ్రి ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. కూర్చోమని అడిగింది తనేనన్న ముల్లు మాత్రం ఆమె లోపలే ఉండిపోయింది.

అందుకే, కాంట్రాక్టరు చేతికి కట్టు కట్టడం అయ్యేలోగా ఆమె సెలవుచీటీ రాసేసింది.

పాత సామాను అనుకున్నది కాస్తా ఎవరో కావాలంటున్నారని తెలియగానే అయ్యగారి మనవడు బిగుసుకున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. అమ్మలు ఏళ్ల తరబడి దాచుకున్నది దానికే పోయింది. పక్కింటి పిన్ని ముక్కున వేలేసుకుంది. "బంగారం కొనుక్కోవే అంటే వినలేదు. కొనక కొనక కోళ్లగూడు కొన్నావా?"

లారీ మీంచి కారు దించుతుంటే తండ్రి గుమ్మంలో నిలబడి చూశాడు. అప్పటికే ఆయనకు మరుపు మొదలై ఏడాదైంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. కొట్టుకు వెళ్లి ఎందుకు వెళ్లాడో తెలియక ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. జబ్బు పేరేమిటో, అది ఎటు వెళ్తుందో అమ్మలుకి తెలుసు. తండ్రి తలకాయ లోపలి ఫొటోలు దగ్గరుండి తీయించింది ఆమే. కానీ ఆ రోజు ఆయన కళ్లు తేటగా ఉన్నాయి. మెట్లు దిగి వచ్చి, తుప్పు పట్టిన బానెట్ మీద అరచెయ్యి వేశాడు.

"వచ్చావటే," అన్నాడు కారుతో.

"మనదే నాన్నా. నా పేరు మీద కొన్నాను. నీ కోసం."

ఆయన బానెట్‌ని ఒకసారి నిమిరాడు. తర్వాత లోపలికి తొంగి చూశాడు. సీట్లు లేవు. నేల తుప్పు తినేసి కింద మట్టి కనబడుతోంది. వాకిలి మూలనున్న ఖాళీ రంగు డబ్బా చూపించి, "దాన్ని బోర్లించి వేస్తే కూర్చోవచ్చు. ఒక్కసారి ఎక్కనా అమ్మలూ?" అన్నాడు.

"ఇప్పుడా? రేకులు గీసుకుంటాయి నాన్నా. అంతా బాగయ్యాక దర్జాగా ఎక్కుదువుగాని. కొత్త సీటు మీద కూర్చుందువుగాని."

"సరే అయితే," అన్నాడు. చిన్నపిల్లాడికి మిఠాయి రేపిస్తామంటే తలూపినట్టు తలూపాడు.

ఆ "సరే అయితే" తర్వాత్తర్వాత ఆమెను నిద్రపోనివ్వలేదు. ఆ రోజు మాత్రం అది ఆమెకు వినిపించను కూడా లేదు. రేకు తీరు, రంగు తీరు, తోలు తీరు తలలో గిర్రున తిరుగుతున్నాయి. అయ్యగారి కారు ఎలా ఉండేదో అలా, వీలైతే అంతకంటే మిన్నగా ఉండాలి. పాత కారులో నాన్నను డబ్బా మీద కూర్చోబెట్టడమేమిటి?

పని కార్బరేటర్ బాబాయ్ చేతిలో పెట్టింది. ఆయన పాతకాలపు మెకానిక్. ఏ బండి ఏ రోగంతో వచ్చినా "ముందు కార్బరేటర్ చూద్దాం" అంటాడని ఆ పేరు పడింది. ఆయన కారు చుట్టూ మూడుసార్లు తిరిగి గడ్డం గోక్కున్నాడు.

"ఇది రిపేరు కాదమ్మాయ్, పునర్జన్మ. ఎంత కాలం పడుతుందని అడక్కు."

"ఎంత కాలం పడుతుంది?"

"అడగొద్దన్నానా!"

రెండేళ్ల మూణ్ణెల్లు పట్టింది. బిగుసుకుపోయిన ఇంజనులో కిరసనాయిలు పోసి ఆరు వారాలు నానబెట్టారు. ఎలుకలు కొరికిన తీగలన్నీ పీకి కొత్తవి లాగారు. నేలకి కొత్త రేకు అతికారు. స్టీరింగు కింది ఇరుసుముక్కలో చీలిక ఉందేమోనని బాబాయికి అనుమానం వచ్చి, "మీ మెషిన్ కింద పెట్టి ఓ ఫొటో తియ్యరాదూ?" అన్నాడు. "ఇనుములోంచి చూసేంత కంటిచూపు మా మెషిన్‌కి లేదు బాబాయ్," అని నవ్వింది. ఆదివారాలు, సెలవులు అన్నీ బాబాయ్ షెడ్డులోనే. చక్రాల కమ్మీలు విప్పి, సోడా నీళ్లలో వేసి తానే తోమింది. ఆమె గోళ్ల సందుల్లో నలుపు చూసి పెద్ద డాక్టరు, "ఏమ్మా, పేషెంట్లు భయపడతారు," అన్నాడు.

మొదట్లో తండ్రి కూడా షెడ్డుకి వచ్చేవాడు. ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుని, బాబాయ్ తప్పు చేస్తే చెప్పేవాడు. "ఆ మర అటు కాదు, ఇటు తిరుగుతుంది." నిజంగానే ఇటే తిరిగేది. తొలిసారి ఇంజను దగ్గి, పొగ కక్కి, ఆరిపోయిన రోజున, "రెండో కార్బరేటర్‌కి గాలి ఎక్కువైంది," అన్నాడు కళ్లు మూసుకునే. బాబాయ్ నోరు వెళ్లబెట్టాడు. "పెద్దాయనా, నా పేరు నీకిచ్చేస్తాను తీసుకో!"

ఆ రోజు తండ్రి మళ్లీ అడిగాడు. "ఇక ఎక్కొచ్చా?"

"సీటు రావాలి నాన్నా. రంగు కూడా కాలేదు. ఇంకొన్నాళ్లు."

 తర్వాత తండ్రి కుర్చీలో కునికిపాట్లు పడుతుంటే బాబాయ్ మెల్లగా, "ఎక్కించెయ్యరాదటమ్మాయ్, పోయేదేముంది?" అన్నాడు. "బాగా ఉన్నదాంట్లో ఎక్కించాలి బాబాయ్," అంది ఆమె. సీటుకి తెప్పించిన తోలు రంగు తేడాగా ఉందని ఆ వారమే తిప్పి పంపింది. రెండోసారి వచ్చేసరికి నాలుగు నెలలైంది.

ఆ నాలుగు నెలల్లో తండ్రి బాగా జారిపోయాడు. మతిలోంచి ముందు వారాలు పోయాయి, తర్వాత ఏళ్లు. చనిపోయిన భార్యను వంటింట్లోంచి రమ్మని పిలిచేవాడు. అమ్మలు పలికితే, ఎవరో పరాయి మనిషి పలికినట్టు సర్దుకుని కూర్చునేవాడు. ఆమె పనికి వెళ్లేటప్పుడు పక్కింటి పిన్ని వచ్చి తోడుండేది. "నన్ను అక్కా అంటున్నాడే మీ నాన్న," అని ఒకరోజు నవ్వుతూ చెప్పింది పిన్ని. మరునాడు నవ్వు లేకుండా చెప్పింది.

కారు ఇంటి ముందుకి వచ్చిన పొద్దున ఎండ పల్చగా ఉంది. అయిదు పూతల ముదురు ఆకుపచ్చ. తేనెరంగు తోలు సీట్లు. వీధిలో జనం అడుగు ముందుకేయకుండా నిలబడిపోయారు. అమ్మలు తండ్రికి ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కారు చూడగానే ఆయన వెన్ను నిటారైంది. చెయ్యి విడిపించుకుని గబగబా వెళ్లి డ్రైవరు సీటు వైపు తలుపు తీశాడు. పక్కకు జరిగి, తల వంచి నిలబడ్డాడు.

"బండి సిద్ధం అమ్మగారూ. అయ్యగారు వస్తున్నారాండీ?"

అమ్మలు వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నాన్నా, నేను అమ్మలుని."

"అమ్మలు బడికెళ్లిందండీ," అన్నాడు వినయంగా.

"ఇది మన కారు నాన్నా. నువ్వే ఎక్కాలి. రా, కూర్చో."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "అయ్యో, తప్పండీ. తుడవడమే నా పని. అయ్యగారు చూస్తే బాగుండదు."

మూడు రోజులు బతిమాలింది. రిజిస్ట్రేషను కాగితంలో తన పేరు చూపించింది. అయ్యగారు పోయి పదిహేనేళ్లయిందని చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆయన అప్పుడే కబురు విన్నట్టు కంటతడి పెట్టుకున్నాడు. బాబాయ్ వచ్చి సరదాగా తానే ఎక్కి చూపించాడు. దిగిన వెంటనే తండ్రి వెళ్లి ఆ సీటు తుడిచాడు.

నాలుగో రోజు అమ్మలుకి ఓపిక చచ్చిపోయింది. లేదా బుద్ధే ఎటో పోయింది. ఏది పోయిందో ఆమె తర్వాత కూడా తేల్చుకోలేదు. అమ్మగారే అనుకుంటున్నాడు కదా, అమ్మగారిలాగే చెబితే సరి అనుకుంది. గొంతు గట్టిచేసి, వేలు చూపించి, కన్నతండ్రిని పట్టుకుని అంది:

"ఏయ్ డ్రైవరూ! చెబుతుంటే నీక్కాదూ? ఎక్కరా!"

ఆయన వెంటనే ఎక్కాడు.

సీటు అంచున, కాళ్లు దగ్గరగా పెట్టుకుని, చేతులు మోకాళ్ల మీద ఆనించి కూర్చున్నాడు. స్టీరింగు ముట్టుకోలేదు. తల ఎత్తలేదు. అమ్మలు పక్క సీట్లో కూర్చుని చెయ్యి చాపి తాళం తిప్పింది. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది. ఆయన సీటు అంచుకి ఇంకా జరిగాడు.

"దిగనాండీ?" అన్నాడు. "చాలండీ. ఇక దిగనాండీ?"

ఆమె తాళం తిప్పి ఇంజను ఆపేసింది. అప్పటికే కొత్త తోలు మీద తడి పాకుతోంది. ఆయన దాన్ని చూసుకుని బెదిరిపోయాడు. భుజం మీది గుడ్డ లాగి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే తన కిందంతా తుడవడం మొదలుపెట్టాడు. "తుడిచేస్తానండీ. మళ్లీ మళ్లీ తుడుస్తానండీ. అయ్యగారికి చెప్పకండి."

అమ్మలు ఆ గుడ్డ పట్టుకుంది. ఆయన వదల్లేదు. కాసేపు ఇద్దరూ అటూ ఇటూ లాగారు. ఆఖరికి ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి తీసుకుని, ఆయన్ని దించి, స్నానం చేయించి, పడుకోబెట్టింది. బయటికొచ్చి సీటు తుడిచింది. అప్పటికి వీధి అంతా గుమ్మాల్లోనే ఉంది. పిన్ని ఒక్కర్తే దగ్గరకొచ్చి బకెట్టు అందుకుంది. 

ఆ తర్వాత ఆయన్ని ఎక్కమనలేదు ఆమె. పొద్దున్నే కారు తలుపులు తీసి, నీళ్లూ గుడ్డా అందుబాటులో పెట్టేది. ఆయన గంటసేపు తుడిచేవాడు. చేతులకి మాత్రం ఏ మరుపూ లేదు. ఆమె ఆసుపత్రికి బయలుదేరే లోపు గుమ్మం మెట్టు మీద టీ తాగుతూ చూసేది. తానిప్పుడు అమ్మగారు కాబట్టి ఆయన అమ్మగారితో మాట్లాడేవాడు.

"మాకో పిల్ల ఉందండి."

"అలాగా? ఏం చేస్తుంది?"

"బాగా చదువుతుందండి. మొండిది, వాళ్లమ్మ పోలిక. అనుకున్నది అనుకున్నట్టు జరిగి తీరాలి. కానీ మనసు వెన్నండి."

ఒకరోజు చక్రం తోముతూ తనంతట తానే అన్నాడు. "ఆ రోజు తప్పు నాదేనండి. ఎక్కకూడదని తెలుసు. పిల్ల అడిగింది. అది నన్నేదైనా అడగడమే తక్కువండి. కాదనలేకపోయాను." కాసేపు తోమి, "తుడిచినందుకు నాకేం లేదండి. తుడవడం నా పనే. పిల్ల చూసింది, అదొక్కటే," అన్నాడు.

అమ్మలు గ్లాసు మెట్టు మీద పెట్టింది. "ఆ పిల్లకి నీ మీద కోపం లేదు," అంది.

"కోపం కాదండీ," అన్నాడాయన, తల ఎత్తకుండానే. "ఇంటికెళ్లే దారంతా నా చెయ్యి వదల్లేదండి."

ఆ సంగతి ఆమెకు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

ఆ వానాకాలం ఆయన ఛాతీలో నెమ్ము చేరింది. ఎక్స్‌రే ఆమే తీసింది. వేరే వాళ్లు తీస్తామన్నా వినలేదు. "ఊపిరి బిగపట్టు నాన్నా," అంటే ఆయన బిగపట్టలేకపోయాడు. ఫొటో మసగ్గా వచ్చింది. తొమ్మిదో రోజున, పొద్దుటి నర్సులు డ్యూటీ మారే వేళ, పోయాడు. చివరి రెండు రోజులూ ఎవర్నీ ఏమీ పిలవలేదు.

కారు ఆరునెలలు బాబాయ్ షెడ్డులోనే ఉంది. అమ్మేస్తానని బాబాయికి చెప్పింది. కొనేవాళ్లు సులువుగానే దొరికారు. వాళ్లకివ్వడానికి ఆమె తాళాలు తీసుకుందామని వచ్చిన రోజు బాబాయ్ బానెట్ ఎత్తి చూసి, మూసి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"అమ్మాయ్, ఒక మాట. నువ్వెప్పుడైనా దీన్ని సరదాగా నడిపావా?"

ఆమె ఆలోచించింది. షెడ్డు నుంచి ఇంటికి, ఇంటి నుంచి షెడ్డుకి, బంకుకి. "లేదు బాబాయ్."

"రెండేళ్ల మూణ్ణెల్లు చేశాను. ఎలా నడుస్తుందో ఒక్కరైనా నాకు చెప్పాలి కదా. పోయిరా. రేపు మాట్లాడదాం అమ్మడం సంగతి."

ఊరు దాటాక రోడ్డు ఖాళీ అయింది. గాలి ముఖానికి కొట్టింది, చీర కొంగు నడుముకి చుట్టుకుంది. మూడో గేరు వేసింది. కింద నుంచి ఒక గురగుర లేచి, సీటు లోంచి వెన్నులోకి పాకింది. పులి ఆవలించినట్టుందో లేదో ఆమె చెప్పలేకపోయింది. పులి గొంతు ఎప్పుడూ వినలేదు. కానీ మంచి బండి. రెండేళ్లుగా తోమి, రుద్ది, పోట్లాడి, దాని తప్పులే తప్ప దాన్ని ఆమె ఏనాడూ చూడలేదు. నిజంగా ఎంత మంచి బండో అప్పుడు తెలిసింది. ఆ తెలియడంతోనే ముందు దారి కనబడలేదు. కళ్లు నిండిపోయాయి. పక్కకు తీసి ఆపేసింది.

ఎంతసేపు అలా కూర్చుందో. ఎదురుగా వస్తున్న లారీ ఒకటి నెమ్మదించి ఆగింది. తలకి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు కిటికీలోంచి వంగాడు.

"ఏమ్మా, బండి ఆగిపోయిందా? తాడు ఉంది, లాగమంటావా?"

"లేదన్నా," అంది అమ్మలు, ముఖం తుడుచుకుని. "బండి బాగానే ఉంది."

ఆయన ఆమెనూ కారునూ మార్చి మార్చి చూశాడు.  ఇంజను ఆపేసి, బీడీ వెలిగించుకుని, ఆమె బయలుదేరేదాకా అక్కడే ఉన్నాడు.